టీవీ వీపు మీది కాటుక

మాది బందరు. కాగితాల మీద మచిలీపట్నం అని రాస్తారు గాని అక్కడ పుట్టి పెరిగినవాళ్ళం మాత్రం బందరనే అంటాం. ఆ ఊళ్ళోనే చిలకలపూడి. అక్కడి కవరింగు నగల సంగతి మీకు చెప్పక్కర్లేదు. లోపల వేరే లోహం, పైన పల్చగా బంగారం. అసలు బంగారం బీరువాలో దాచి, చిలకలపూడి గొలుసు మెళ్ళో వేసుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చిన ఇల్లాళ్ళు మా జిల్లాలో ఎందరో. వాళ్ళ పేర్లు నేను చెప్పను, నా పేరు వాళ్ళు చెప్పరు. అదీ మా ఒప్పందం.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, పైపూత అంటే బందరు ఆడపడుచులకి చులకన లేదు. ఆవగింజలో అరవయ్యో వంతు మందం లేకపోయినా వస్తువు విలువంతా ఆ పూతలోనే ఉంది. అది అరిగితే మళ్ళీ పూత వేయించుకోవాలి. అంతేగాని, పసుపు రంగే కదా అని కిటికీలకి వేసే పెయింటు డబ్బా తెచ్చి గాజులకి పూసుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

సరిగ్గా అలాంటి పనే మా పిన్ని టీవీకి జరిగింది.

పిన్నిది అవనిగడ్డ. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలోకి పోతుంటే, ఆ పాయల నడుమ మిగిలిన నేలే దివిసీమ. ఆవిడ ఆ టీవీ కొన్నది 1987లో, ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో ‘రామాయణం’ వస్తున్న రోజుల్లో. నలుపు తెలుపుల టీవీ. ఇరవై అంగుళాల తెర, చెక్క పెట్టె, ముందు ఇటూ అటూ జరిగే తలుపులు. కంపెనీ పేరెందుకు లెండి. దాన్ని పెట్టి చూసి ఇరవయ్యేళ్ళ పైనే అయింది. అయినా అమ్మదు, పారెయ్యదు, ఎవరికీ ఇవ్వదు. ఎందుకో తరువాత చెబుతాను.

కిందటేడు మా చెల్లెలి కొడుకు సెలవలకి వచ్చి, “చిన్నమ్మమ్మా, దీన్ని నేను బాగు చేయిస్తాను” అని కూర్చున్నాడు. వెనక అట్ట ఊడదీస్తే లోపల పెద్ద గరాటంత గాజు బుడ్డి. దాని వీపంతా నల్లటి పూత, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. తాకితే వేళ్ళకి కాటుకలాగా అంటుకుంది. మావాడు ఎక్కడినుంచో ఒక కుర్ర మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. కరెంటు పెడితే తెర మీద వెలుగైతే వచ్చింది గాని వెనకనుంచి చిటచిటమని చప్పుడు. దీపం ఆర్పి చూస్తే గాజు చుట్టూ సన్నటి నీలం నిప్పురవ్వలు. పక్కగదిలో రేడియో గరగరలాడిపోయింది. తెర మీద వెలుగు ఒకసారి ఉబ్బి, ఒకసారి తగ్గి, ఆయాసపడుతున్నట్టుంది.

“పూత పోయిందమ్మా, వేసేస్తే సరి” అన్నాడు కుర్రాడు. అన్నమాట నిజమే. పోయింది పూతే. బజారుకెళ్ళి నల్ల ఎనామెలు పెయింటు డబ్బా తెచ్చి, నిగనిగలాడేట్టు రెండు పూతలు పూశాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆరాక కరెంటు పెడితే చిటచిట కాస్తా చిటపట అయింది. చెయ్యి ఆనించబోయిన మావాడు రెండడుగులు వెనక్కి ఎగిరిపడ్డాడు. పిన్ని గుండె చేత్తో పట్టుకుని, “ఇంక దాని జోలికి వెళ్ళకండిరా నాయనా” అంది.

ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. వాడు పుట్టేసరికే ఇలాంటి టీవీలు అటకెక్కాయి. నలుపల్లా ఒకటే అనుకున్నాడు. కాని ఎనామెలు కరెంటుని అడ్డుకునే నలుపు, ఆ పాత పూత కరెంటుని నడిపించే నలుపు. కాకీ నలుపే, కోయిలా నలుపే. ఆ పూత అక్కడెందుకు ఉంది, ఎవరు కనిపెట్టారు అని నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే. చదివినకొద్దీ మా బందరే ఎదురవుతూ వచ్చింది. అందుకే ఇదంతా మీతో చెప్పుకోవడం.

ముందు ఆ గాజు బుడ్డి సంగతి. దాన్ని పిక్చరు ట్యూబు అంటారని మీకు తెలుసు. లోపల గాలి ఉండదు. మెడలోంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి తెర లోపలి పూత మీద పడితే అక్కడ వెలుగుతుంది. అవి అంత దూరం, అంత వేగంగా దూకాలంటే లాగేవాడు కావాలి. అందుకని బుడ్డి లోపలి గోడకి కూడా ఒక నల్లటి పూత పూసి, దానికి పదిహేను వేల వోల్టుల పైచిలుకు విద్యుత్తు ఇస్తారు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230. మరి బయటి పూతకి? సున్నా. జడలా అల్లిన రాగితీగ ఒకటి దాన్ని ఒరుసుకుంటూ టీవీ లోపలి ఇనపచట్రానికి కలిపి ఉంటుంది. లోపల వేల వోల్టులు, బయట సున్నా, మధ్యన గాజు.

ఇది జాడీ అన్నమాట. ఎలంకారానికి అనడం లేదు, నిజంగానే జాడీ. 1745లో జర్మనీలో క్లైస్ట్ అనే ఆయనా, 1746లో హాలండులోని లైడెన్ నగరంలో మస్షెన్‌బ్రూక్ అనే పంతులుగారూ గాజు పాత్రలో విద్యుత్తుని నిలవ పెట్టవచ్చునని విడివిడిగా కనుక్కున్నారు. తరువాతివాళ్ళు గాజు సీసాకి లోపలొక లోహపు రేకూ బయటొక రేకూ అంటించారు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. లోపలి రేకుకి విద్యుత్తు ఇస్తే, మనం ఆవకాయ పెట్టుకున్నట్టు అది అందులో నిలవ ఉంటుంది. మన పిల్లల భౌతికశాస్త్రం పుస్తకాల్లో దీన్నే లేడెన్ జాడీ అంటారు. ఆ కొత్తలో ఫ్రాన్సులో నొలే అనే మతగురువు, రాజుగారి ఎదట 180 మంది భటులను చేతులు పట్టుకు నిలబెట్టి, చివరివాడి చేత జాడీ ముట్టించాడు. వరసంతా ఒక్కసారి ఎగిరిందిట. రాజుగారికి మహా సరదా వేసింది. భటులకేమనిపించిందో ఎవరూ రాసిపెట్టలేదు.

హాలండువాళ్ళు బందరుకి కొత్తవాళ్ళు కారు. ఆ జాడీ పుట్టడానికి నూట నలభయ్యేళ్ళ ముందే వాళ్ళు మా రేవులో దిగి వ్యాపారం పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. బందరులో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీది బొమ్మలూ అర్థంకాని అక్షరాలూ వేలితో తడుముతూ తిరిగేవాళ్ళం. ఇద్దరూ వచ్చింది మన బట్ట కోసం. ఆ బట్ట కథకి మళ్ళీ వస్తాను, ముందు జాడీ సంగతి తేల్చనివ్వండి.

టీవీలో ఈ పెద్ద వోల్టు కుదురుగా ఏకధారగా రాదు. మన దేశపు టీవీ బొమ్మ 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అంటే సెకనుకి 15,625 గీతలు. ఒక్కో గీతకి ఒక్కో కుదుపు చొప్పున ఆ విద్యుత్తు వస్తుంది. వీధి కొళాయి ఆగి ఆగి పోస్తూంటే కింద గంగాళం పెట్టుకుని, దానికి బెజ్జం ఉంటే అందులోంచి సన్నటి ధార ఆగకుండా వస్తుంది చూడండి, ఈ గాజు జాడీ చేసే పని అదే. బయటి పూత పోయిందనుకోండి, గంగాళానికి ఒక పక్క గోడ లేనట్టే. అందుకే తెర ఉబ్బి తగ్గడం, రేడియో గరగరలు, పెచ్చుకీ పెచ్చుకీ మధ్య నిప్పురవ్వలు. ఇక ఆ రాగితీగకీ మిగిలిన పూతకీ మధ్య ఎనామెలు అడ్డం వచ్చాక చెప్పేదేముంది, ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది.

పూత ఎందుకు రాలిందంటారా? సముద్రం ఒడ్డున కాపరం చేసినవాళ్ళు ఆ ప్రశ్న అడగరు. కిటికీ ఊచలు తుప్పు, బీరువా తుప్పు, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, ఉప్పు డబ్బాలో నీళ్ళూరతాయి. పిన్ని టీవీలో ఆ రాగితీగ పచ్చగా చిలుమెక్కి ఉంది. ఉప్పుగాలీ చెమ్మా చేరి పూతని గాజునుంచి లేవదీశాయి.

ఇప్పుడు ఆ నలుపు కథ.

ఆ పూత గ్రాఫైటు. పెన్సిలు ములుకులో ఉండేది అదే. దాన్ని పిక్చరు ట్యూబుకి పూయడానికి వీలైన పదార్థంగా చేసినాయన అమెరికాలో ఎడ్వర్డు గుడ్‌రిచ్ ఎకెసన్. 1856లో పుట్టాడు. కుర్రతనంలో ఎడిసన్ దగ్గర పనిచేశాడు. 1891లో బంకమట్టీ బొగ్గుపొడీ కలిపి కరెంటుతో కాలిస్తే మిలమిల మెరిసే గట్టి పలుకులు దొరికాయి. అదే కార్బొరండం. కత్తులకి సానపట్టే రాళ్ళలో వాడతారు. దాన్నే మరీ మరీ కాలిస్తే మెత్తటి గ్రాఫైటు మిగిలింది. అంతవరకూ భూమిలోంచి తవ్వుకునే గ్రాఫైటుని కొలిమిలో చెయ్యగలిగాడు. దానికి 1896లో పేటెంటు.

ఆ గ్రాఫైటుతో లోహాలు కరిగించే మూసలు చేద్దామనుకున్నాడు. మూసకి బంకమట్టి కలపాలి. అమెరికా మట్టి సరిగా సాగడం లేదు, జర్మనీనుంచి తెప్పించిన మట్టి బాగా సాగుతోంది. పరీక్ష చేయిస్తే రెంటిలోనూ ఉన్న పదార్థాలు ఇంచుమించు ఒకటే. మరి తేడా ఎక్కడ? ఏళ్ళ తరబడి నదులు కొట్టుకొచ్చిన మట్టిలో ఆకులూ అలములూ చెట్ల రసమూ కలిసి ఉంటాయి, అదే దానికి ఆ గుణం ఇస్తుందేమో అని ఆయన ఊహ. వగరు రసం, అదే టానిన్, మట్టిలో కలిపి చూశాడు. మట్టి మెత్తబడింది, ఎండాక గట్టిపడింది కూడా. ఇది 1901 ప్రాంతం మాట. అప్పుడాయనకి బైబిలులో నిర్గమకాండం గుర్తుకొచ్చింది. ఐగుప్తు రాజు, ఇటుకలు చేసే ఇశ్రాయేలీయులకి గడ్డి ఇవ్వకండి, వాళ్ళే ఏరుకు తెచ్చుకోవాలి అని ఆజ్ఞ ఇస్తాడు అందులో. ఇటుకకి గడ్డి ఎందుకు? పీచు మట్టిని పట్టి ఉంచడానికి మాత్రమేనా? ఎకెసన్ గడ్డి ఉడకబెట్టి, ఆ నీళ్ళు మట్టిలో పోసి చూశాడు. గడ్డి నీళ్ళు కూడా టానిన్‌లాగే పనిచేశాయి. ఆ మట్టికి ‘ఈజిప్టు మట్టి’ అని అర్థం వచ్చేట్టు పేరు పెట్టుకుని పేటెంటు కూడా తీసుకున్నాడు.

ఇది నేను పిన్నికి చదివి వినిపిస్తూంటే ఆవిడ వత్తులు చేసుకోవడం ఆపి నా మొహంలోకి చూసింది.

“గడ్డి నానిన నీళ్ళకి పేటెంటు ఇచ్చారుటే?”

“ఇచ్చారు పిన్నీ.”

“మా అత్తగారికి ఇయ్యాల్సింది” అంది.

పిన్ని కాపరానికి వచ్చినప్పుడు అత్తవారిది మట్టిగోడల ఇల్లు, పైన తాటాకు. ఆ ఇళ్ళకి మట్టి ఎలా కలిపేవాళ్ళో మీలో పల్లెటూళ్ళు ఎరిగినవాళ్ళు చూసే ఉంటారు. గోతిలో మట్టి వేసి, తరిగిన వరిగడ్డి చల్లి, నీళ్ళు పోసి, అడుసు తొక్కాలి. తొక్కిన వెంటనే గోడ పెట్టరు. రెండు మూడు రోజులు అలాగే మురగనిస్తారు. “మురిగితేనే మట్టికి జిగి వస్తుంది” అనేదిట అత్తగారు. తొక్కడం తోటే సరి అనుకునే మొగవాళ్ళని ఆవిడ కేకలేసేదిట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత చెప్పే వాళ్ళెవరూ ఆ గోడ పెట్టి ఉండరు. ఎకెసన్ ప్రయోగశాలలో పట్టుకున్నదీ, ఆవిడ చూపంతో చెప్పినదీ ఒకటే విషయం అని నా నమ్మకం. ఆయన కారణం వెతికాడు, ఆవిడకి గోడ నిలిస్తే చాలు.

అయిదేళ్ళ తరువాత, 1906లో, ఆయన అదే కిటుకు గ్రాఫైటు మీద ప్రయోగించాడు. గ్రాఫైటు పొడి నీళ్ళలో కలవదు. చేతిలో కాటుక ఉంటే నీళ్ళలో వేసి చూడండి, పైన తేలుతుంది గాని కలవదు. నూరి నూరి కలిపినా కాసేపటికి రేణువులన్నీ గుంపు కట్టి అడుక్కి దిగిపోతాయి. టానిన్ కలిపి నానిస్తే ఆ గుంపు విడిపోయింది. ఒక్కో రేణువునీ వగరు రసం పొరలా కప్పి, పక్కదానితో అంటుకోకుండా చేసింది. వడకట్టే కాగితంలోంచి కూడా దిగిపోయేటంత సన్నటి నలుపు నీళ్ళు తయారయ్యాయి. నీళ్ళలో కలిపినదానికి ఆక్వాడాగ్ అనీ, నూనెలో కలిపినదానికి ఆయిల్‌డాగ్ అనీ పేర్లు. కుక్కకీ దీనికీ సంబంధం లేదు. ‘గుంపు విడగొట్టిన ఎకెసన్ గ్రాఫైటు’ అని ఇంగ్లీషులో అంటే వచ్చే మొదటి అక్షరాలు అవి.

యంత్రాల్లో ఒరిపిడి తగ్గడానికి చేసినది అది. టీవీ అనేది ఇంకా ఎవరి ఇంట్లోనూ లేదు. తరువాత పాతికముప్ఫయ్యేళ్ళకి పిక్చరు ట్యూబులు చేసేవాళ్ళకి, వంపులు తిరిగిన గాజుకి కుంచెతో పూయడానికి వీలైన, ఎండితే కరెంటు నడిచే పదార్థం కావలసివచ్చింది. రేకు అంటిద్దామంటే ఆ ఒంపుల మీద కుదరదు. ఆక్వాడాగ్ సిద్ధంగా ఉంది. ఆనక ఏ కంపెనీ కలిపినా, లోపలి జిగురులు ఎన్ని మారినా, టీవీ మెకానిక్కులు మాత్రం ట్యూబు మీద నలుపుని ఆ పేరుతోనే పిలుస్తూ వచ్చారు.

వగరు రసం అనగానే బందరువాళ్ళకి ఇంకోటి గుర్తు రావాలి. కరక్కాయ. కలంకారీ బట్ట రంగు పట్టాలంటే ముందు దాన్ని కరక్కాయ కషాయంలో, గేదె పాలు కలిపి, ముంచి ఆరవేస్తారు. చేతికి తగిలితే జిడ్డుగా, నోట వేస్తే నాలుక పిడచకట్టేట్టు ఉంటుంది. ఆ బట్ట మీద, పాత ఇనుమూ బెల్లమూ నీళ్ళలో మురగబెట్టిన కసిం అద్దితే, అద్దినచోటల్లా నల్లగా దిగుతుంది. ఇనుమూ వగరూ కలిసి పుట్టిన నలుపు అది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పాలలో కొవ్వు ఉండబట్టి గీత పక్కకి పాకదు. ఎర్రదనానికి పటిక. ఇవాళ్టికీ బందరులోనూ, పక్కన పెడనలోనూ ఈ పని జరుగుతోంది. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఓడలెక్కి వచ్చింది ఈ బట్టకోసమే. కరక్కాయలో ఉన్నదీ టానిన్ జాతే. మావాళ్ళు దాన్ని రంగు పట్టడానికి వాడారు, ఎకెసన్ గ్రాఫైటు విడదీయడానికి వాడాడు. ఎక్కడి పెడన, ఎక్కడి అమెరికా!

అయితే ఇంత శ్రమపడి ఆ డొక్కు టీవీని బాగుచేయడం దేనికి అని మా ఆయన అడిగారు. మీరూ అడగవచ్చు. పిన్ని ఎందుకు పారెయ్యదో చెబుతానన్నాను కదా.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. మా తీరానికి ఆ బొమ్మ అందేది కాదు. నెల తిరక్కుండానే నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సముద్రం మూడు మనిషి నిలువుల ఎత్తున లేచి వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేలమంది పోయారు, అంతకంటె ఎక్కువేనన్నవాళ్ళూ ఉన్నారు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది — ఆ పేర్లు అప్పటినుంచి ఊళ్ళ పేర్లలాగా వినపడవు. రేడియోలో తుపాను హెచ్చరికలు వచ్చాయి. కాని రేడియో లేని ఇళ్ళెన్నో. విన్నవాళ్ళకి కూడా సముద్రం ఇంతెత్తున ఇంటిమీదికి వస్తుందన్న ఊహ లేదు. పిన్ని ఆడబిడ్డ కుటుంబం కోడూరు అవతల ఉండేది. ఆ మాట ఇక్కడితో ఆపుతాను. పిన్ని కూడా అక్కడే ఆపేస్తుంది.

ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు. బందరులో తుపానులని కనిపెట్టే రాడారు పెట్టారు. దాని తెర కూడా ఒక గాజు ట్యూబే, గుండ్రటిది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళింది. 1984లో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి. టీవీ వార్తల్లో మబ్బుల ఫోటో చూపించడం మొదలైంది. మా చిన్నపిల్లలకి అది తెల్లటి మరక. పిన్నికి మాత్రం వార్తలన్నిట్లోకీ అదొక్కటే వార్త. ‘రామాయణం’ కోసం కొన్నామని అందరితో అనేది గాని, మా బాబాయి చేత ఆవిడ టీవీ కొనిపించింది ఆ మరక కోసమని నాకు తెలుసు.

1990 మే నెల. బంగాళాఖాతంలో ఆ మరక సుడి తిరిగి కన్ను తెరిచింది. రెండు మూడు రోజులు వరసగా తెర మీద చూసింది పిన్ని, రోజు రోజుకీ దగ్గరికి జరుగుతూ. ఎవరూ చెప్పకముందే పిల్లల్ని తీసుకుని, గొడ్ల పలుపులు విప్పించి, బస్సెక్కి గుడివాడ మా ఇంటికి వచ్చేసింది. మే 9న అది కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. లక్షన్నరమందిని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యికి లోపు. అది తక్కువా అంటే, ఏ ఇంట పోయినవాళ్ళకి ఆ ఇంట ఎక్కువే. కాని 1977 చూసినవాళ్ళు ఆ లెక్క వేరేగా చదువుకుంటారు. నీళ్ళు తగ్గాక పిన్ని వెనక్కి వెళ్ళి, గోడవారన తడిసిన టీవీ పెట్టెని పొడిగుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టించిందిట. ఆ రోజునుంచీ అది ఇంట్లో మనిషి.

అందుకని బాగుచేయించాలి. కొత్త ట్యూబు వేయిద్దామంటే ఎక్కడుంది? మన దేశంలో పిక్చరు ట్యూబుల కర్మాగారాలు ఒకటొకటిగా మూతబడిపోయాయి. ఉన్నదాని పూతే నిలబెట్టుకోవాలి.

గుడివాడలో మా వీధి చివర పాతకాలపు మెకానిక్కు ఒకాయన ఉన్నారు. డెబ్భై దాటాయి. మేం టీవీని కారులో పడుకోబెట్టి తెస్తే, “అయ్యో, కూర్చోబెట్టి తేవాలమ్మా” అన్నారు, చంటిపిల్ల గురించి చెప్పినట్టు. ముందుగా ఒక స్క్రూడ్రైవరుకి తీగ చుట్టి, తీగ రెండో కొస చట్రానికి కట్టి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ట్యూబు పక్కన రబ్బరు టోపీ కిందకి దూర్చారు. టప్పుమంది. కాసేపాగి మళ్ళీ దూర్చారు. మళ్ళీ చిన్నగా టప్పుమంది. “గాజు కొంత దాచుకుంటుంది, ఒక్కసారికి నమ్మకూడదు” అన్నారు. మా అత్తగారు చిల్లర డబ్బులు దాచిన పోపుడబ్బాలు నాకు గుర్తుకొచ్చాయి. ఆ దెబ్బకి ప్రాణం పోకపోవచ్చు, కాని చెయ్యి ఉలిక్కిపడి ట్యూబు జారిపడితే అసలు ప్రమాదం. గాలి బరువు ఆ తెర మీదే టన్నుకి పైగా ఉంటుంది. పగిలితే లోపలికి కుంగి, ముక్కలు గదంతా చిమ్ముతాయి. మీ ఇంట్లో పాత టీవీ ఉంటే, దయచేసి ఇది చదివి స్క్రూడ్రైవరు పట్టుకోకండి.

ఎనామెలు వదిలించడానికే రెండు రోజులు పట్టింది. కత్తితో గీకనివ్వలేదు. గాజు మీద గీత పడితే అక్కడే బలహీనమవుతుందిట. థిన్నరు తడిపిన గుడ్డతో నానబెట్టి, ప్లాస్టిక్కు ముక్కతో నెమ్మదిగా తోశారు. గ్రాఫైటు పొడి తెప్పించి పల్చటి మల్లు గుడ్డలో జల్లించారు. అందులో కలపడానికి వార్నీషు. ఎంత అన్నదే విద్య. రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటేనే కరెంటు నడుస్తుంది. జిగురెక్కువైతే రేణువుకీ రేణువుకీ మధ్య అది చేరి దారి మూసేస్తుంది. తక్కువైతే పూత వేలికి అంటుకొచ్చేస్తుంది. బూందీ లడ్డుకి పాకం చూసుకున్నట్టే. ముందు ఒక గాజుపలక మీద పూసి, ఆరనిచ్చి, మీటరు పెట్టి చూశారు. రెండుసార్లు పాళ్ళు మార్చారు. మూడోసారికి మీటరు ముల్లు ఆయనకి నచ్చినంత మేర కదిలింది.

నేనూరుకోలేక ఒక గ్లాసులో మంచినీళ్ళూ, ఇంకో గ్లాసులో కరక్కాయ కషాయమూ పట్టుకెళ్ళి, రెండింటిలోనూ చిటికెడు గ్రాఫైటు వేయించాను. మంచినీళ్ళలో కొంత తేలి, కొంత మునిగిపోయింది. కరక్కాయ నీళ్ళు మాత్రం నల్లగా అలాగే నిలిచాయి. మెకానిక్కుగారు కళ్ళజోడు సవరించుకుని, “ముప్ఫయ్యేళ్ళు పూశానమ్మా, ఇది మన కరక్కాయని ఎవరూ చెప్పలేదు” అన్నారు. తెల్లారేసరికి నా గ్లాసులో కూడా అడుక్కి దిగిందనుకోండి. ఎకెసన్ ఎన్ని వారాలు నానబెట్టాడో పాపం.

ట్యూబుకి రెండు పూతలు వేశారు. రబ్బరు టోపీ చుట్టూ మాత్రం జానెడు వెడల్పున చక్రంలా గాజు ఖాళీగా వదిలేశారు. రాగితీగ మార్చి, అది పూతని ఒరుసుకునేట్టు స్ప్రింగుతో బిగించారు. అవనిగడ్డ తీసుకెళ్ళగానే పిన్ని కళ్ళజోడు పెట్టుకుని వీపంతా తడిమి చూసి, “ఇంత ఖరీదు తీసుకుని ఇక్కడ వదిలేశాడేమే? అక్కడా పూయమనకపోయావా?” అని తగువేసుకుంది. వేల వోల్టులు లోపలికి వెళ్ళే ద్వారం అదే, పూత అక్కడిదాకా వస్తే లోపలిదీ బయటిదీ గాజు మీదుగా కలిసిపోతాయి, ఆ ఖాళీయే కాపలా అని చెప్పాను. “సరేలే, గడప అన్నమాట” అంది.

పాత ఏంటెన్నాతో పట్టే ప్రసారాలు ఇప్పుడు రావడం లేదు. మావాడు ఏదో డబ్బా మధ్యలో పెట్టి, కేబులు తగిలించాడు. దీపం ఆర్పి వెనక్కి వెళ్ళి చూశాం. నీలం రవ్వల్లేవు, చప్పుడు లేదు. ముందు తెర మీద ఒక నిమిషానికి బూడిదరంగు వెలుగు వచ్చి, అందులోంచి వార్తలు చదివే అమ్మాయి తేలింది. పెట్టుకున్న రంగు చీర ఏ రంగో మాకెవరికీ తెలీదు. పిన్ని తన కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. కాసేపు చూసి, అమ్మాయి వెనక మబ్బుల పటం రాగానే ముందుకి వంగి, “అల్పపీడనం ఎక్కడుందంటున్నాడే?” అని అడిగింది.